వాగు పక్క సౌడు భూమి: బాగు చేయాలా, గడ్డి వేయాలా, చెట్లు పెట్టాలా?

వాగు పక్కన భూమి అనగానే ఎవరికైనా ఒండ్రు మట్టి గుర్తొస్తుంది. నీళ్లకు కొదవ ఉండదు, ఏది వేసినా పండుతుంది అనుకుంటాం. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ ఘట్‌కేసర్ అవతలో, బీబీనగర్ వైపో, చేవెళ్ల వైపో ఎకరం రెండెకరాలు కొనుక్కునేవాళ్లలో చాలామందిది ఇదే నమ్మకం. మా ఇంటికీ అలాంటి రెండెకరాలు ఉన్నాయి, మూసీలో కలిసే ఒక వాగు పక్కన. చదునుగా, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. హోలీ పండగ దాటిందంటే మాత్రం దాని అసలు రంగు బయటపడుతుంది. అక్కడక్కడ బూడిద చల్లినట్టు తెల్లటి పొర, మధ్యమధ్య నూనె ఒలికినట్టు నల్లటి మచ్చలు, గరిక తప్ప ఏదీ మొలవని జాగాలు. మా నానమ్మ దాన్ని "సౌడు" అనేది, చౌడు అన్నా అదే. ఆ మన్ను తెచ్చి నీళ్లలో కలిపి, తేట తీసి బట్టలు ఉతికేవాళ్లట. బట్టల సోడా ఆ మట్టిలోనే ఉంది మరి.

ఇలాంటి భూమిని ఏం చేయాలని అడిగితే నాలుగు సలహాలు వస్తాయి. జిప్సం (కాల్షియం ఉన్న ఖనిజపు పొడి) వేసి వరి పెట్టమంటారు. పశువుల గడ్డి వేయమంటారు. చెట్లు నాటి వదిలేయమంటారు. పైన మంచి మట్టి తోలించమంటారు. ఏ సలహా ఎవరికి పనికొస్తుందో తేల్చేది ఒకే ప్రశ్న: మీ పొలంలో నిలిచిన నీరు పొలం దాటి బయటకు పోయే దారి ఉందా? అది తేలకముందు ఒక్క బస్తా కూడా కొనకండి. ఈ మాట నేను డబ్బు పోగొట్టుకున్నాక తెలుసుకున్నాను.

వాగు పక్కనే ఉన్నా నీరెందుకు పోదు

వాగు వేల ఏళ్లుగా కిందికి కోసుకుంటూ పోతుంది. ఒకప్పుడు నీరు పరుచుకున్న చోటు ఇప్పుడు మెట్టులా పైన మిగిలిపోతుంది. మనం పొలం అంటున్నది ఆ మెట్టునే. అది ఏర్పడిన తీరులోనే చిక్కు ఉంది. వరద పొంగినప్పుడు బరువైన ఇసుక గట్టు దగ్గరే పడిపోతుంది, సన్నటి బంకమన్ను ఇంకా లోపలికి వెళ్లి నిలిచిన నీటిలో మెల్లగా దిగుతుంది. అందుకే వాగు గట్టును ఆనుకుని ఉన్న పదిహేను ఇరవై గజాలు గుల్లగా ఉంటాయి, లోపలికి పోయేకొద్దీ మట్టి జిగట కడుతుంది. మెరక మొదలయ్యే అంచున అయితే మరీ కష్టం. పైన చెల్కల్లో ఇంకిన వాన నీరు ఊటగా వచ్చి సరిగ్గా అక్కడే బయటపడుతుంది. వాగుకు దూరంగా ఉన్న చివరే ఎక్కువ నీరు పట్టడం చూసి మొదట్లో నేనూ ఆశ్చర్యపోయాను.

ఇక సౌడు సంగతి. హైదరాబాద్ చుట్టుపక్కల రాయి ఎక్కువగా గ్రానైటే. అందులోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం అరిగి మట్టిగా మారుతున్నప్పుడు సోడియం బయటికొస్తుంది. వాన దాన్ని మెరక నుంచి కడిగి పల్లానికి తెస్తుంది. మనకు ఏడాదికి పడే వాన సుమారు 800 మిల్లీమీటర్లు, ఎండకు ఆవిరి కాగల నీరు దానికి రెట్టింపు కంటే ఎక్కువ. నీరు ఎగిరిపోతుంది, ఉప్పు ఉండిపోతుంది. ఒకే వాలులో పైన ఎర్ర చెల్క, కింద నల్ల రేగడి, వాగు అంచున సౌడు కనిపించడానికి కారణం ఇదే.

సోడియం మట్టికి చేసే కీడు ఉప్పదనం ఒక్కటే కాదు. బంకమట్టి రేణువులు గుత్తులుగా కలిసి ఉంటేనే వాటి మధ్య సందుల్లోంచి నీరు దిగుతుంది, గాలి ఆడుతుంది. కాల్షియం వాటిని దగ్గరికి చేరుస్తుంది, సోడియం విడదీస్తుంది. విడిపోయిన రేణువులు సందుల్లో ఇరుక్కుని నేలకు మూత వేసేస్తాయి. వాన పడితే పైన జారుడు బురద, ఎండితే ఇటుక. మా పొలంలో ఒకసారి పెద్ద వాన పడిన మూడో రోజు గడ్డపార దించి చూశాను. పైన మడమ మునిగే బురద ఉంది, జానెడు లోతులో మట్టి పొడిగా దుమ్ము లేస్తోంది.

మీది పాల చౌడా, కారు చౌడా

ఈ తేడా తెలియకుండా సలహా ఇచ్చేవాళ్ల మాట వినొద్దు. పాల చౌడులో కరిగే లవణాలు ఎక్కువ, తెల్ల పొర కడుతుంది. దాని ఉదజని సూచిక (pH) 8.5 లోపు, లవణ సూచిక (EC) 4 పైన ఉంటుంది. అక్కడ మంచి నీరు నిలగట్టి, ఇంకించి, బయటికి తీసేస్తే చాలావరకు బాగుపడుతుంది. కారు చౌడులో ఉదజని సూచిక 8.5 పైన, లవణ సూచిక 4 లోపు, మట్టి రేణువులను పట్టుకుని ఉన్న సోడియం 15 శాతం పైన ఉంటాయి. క్షారానికి మట్టిలోని సేంద్రియ పదార్థం కరిగి పైకి తేలుతుంది కాబట్టి నల్ల మచ్చలు పడతాయి. దీనికి నీళ్లు ఒక్కటే చాలవు, జిప్సం కావాలి.

రెండూ కలిసిన నేలలు కూడా ఉంటాయి, మాది అలాంటిదే. వీటితో చాలా జాగ్రత్తగా ఉండాలి. తెల్ల పొర చూసి పాల చౌడు అనుకుని మంచి నీటితో కడిగితే లవణాలు పోతాయి, సోడియం మిగులుతుంది. అప్పటిదాకా ఆ లవణాలే రేణువులను కాస్త పట్టి ఉంచుతాయి. అవి కూడా పోయాక నేల పూర్తిగా మూసుకుపోతుంది. ముందు జిప్సం, ఆ తర్వాతే కడగడం.

ఇంట్లో చేసుకోగల పరీక్ష ఒకటి చెబుతాను. గాజు గ్లాసులో వాన నీరు గానీ, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ గానీ తీసుకోండి. బోరు నీళ్లు వద్దు, వాటిలోని ఉప్పు లెక్క తప్పిస్తుంది. బాగా ఆరిన మట్టి పెళ్లను శనగ గింజంత విరిచి మెల్లగా అడుగుకు జార్చండి. కదపకుండా రెండు గంటలు వదిలేయండి. పెళ్ల విరిగి కుప్పగా పడి, నీరు తేటగా ఉంటే భయం లేదు. పెళ్ల చుట్టూ పల్చటి పాల మబ్బు లేచి గ్లాసు అడుగంతా పరుచుకుంటే సోడియం పని చేస్తోందన్నమాట. మా గట్టు వైపు మట్టి రెండు గంటల తర్వాత కూడా తేటగానే ఉంది. మెరక అంచు మట్టి పావుగంట గడవకముందే గ్లాసు వెనక పెట్టిన కాగితం కనిపించకుండా చేసింది. రెండూ ఒకే సర్వే నంబరు!

పసుపుతో ఇంకో చిన్న గుర్తు దొరుకుతుంది. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడి పారాణి అవుతుంది కదా, అదే సూత్రం. మట్టి కలిపి తేర్చిన నీటిలో చిటికెడు పసుపు వేస్తే ఎర్రగా తిరిగిందంటే క్షారం గట్టిగానే ఉందని అర్థం. ఎర్రబడకపోతే సౌడు లేదని మాత్రం అనుకోవద్దు.

ఈ రెండూ అనుమానం తీర్చుకోవడానికే. జిప్సం ఎకరాకు ఎంతో తేల్చేది ప్రయోగశాల. మామూలు పంటలకు 15 సెంటీమీటర్ల లోతు మట్టి తీస్తే చాలంటారు, సౌడుకు అది చాలదు. 15, 30, 60, 100 సెంటీమీటర్ల వరకు ఒక్కో పొరనూ వేరుగా తీసి, వేరు సంచుల్లో కట్టి, లోతు రాసివ్వండి. గట్టు వైపుది, మధ్యది, మెరక అంచుది కలపొద్దు. బోరు నీటిని కూడా పరీక్షకు ఇవ్వండి. నీటిలోనే సోడియం కార్బొనేట్ మిగులు (రిపోర్టులో RSC) లీటరుకు 2.5 మిల్లీ ఈక్వివలెంట్లు దాటి ఉంటే, ఒక చేత్తో జిప్సం వేస్తూ ఇంకో చేత్తో సౌడు పోసినట్టే.

నీటి దారి

వేసవిలో మూడడుగుల గుంత తవ్వి నీటితో నింపి చూడండి. మర్నాటికీ నీరు అలాగే ఉంటే కింద మూత పడి ఉంది. ఆగస్టులో అదే గుంతలోకి నీరు తనంతట తానే ఊరితే ఊట పైకొచ్చిందని అర్థం. ఆ తర్వాత మేస్త్రీలు వాడే నీటి మట్టం పైపుతో మీ పొలంలో అన్నింటికన్నా పల్లపు చోటుకూ, వాగు నిండుగా పారుతున్నప్పటి నీటి మట్టానికీ తేడా కొలవండి. వేసవిలో ఎండిన వాగును చూసి మూడడుగుల వాలు ఉందని సంబరపడితే లాభం లేదు. వానాకాలంలో వాగు నీరే పొలం కంటే ఎత్తుగా ఉంటే మీరు తీసిన కాలువలోంచి నీరు లోపలికి వస్తుంది.

మా మొదటి ఏడాది ఇక్కడే దెబ్బతిన్నాం. "నేలను నెలలో మార్చేస్తుంది" అని ఒక వ్యాపారి చెప్పిన మందు, దాంతోపాటు లారీ జిప్సం దింపించాం. కాలువ తీయలేదు. పక్క పొలం ఆయనతో మాట్లాడాలి, ఒడ్డు తెగ్గొట్టాలి, ఎందుకొచ్చిన టెన్షన్ అనుకున్నాం. వరి నాటిన మూడు వారాలకు ఆకులు తుప్పు పట్టాయి, తెల్ల మచ్చల దగ్గర మొక్క కుళ్లింది. జిప్సంలోని కాల్షియం వెళ్లి సోడియాన్ని రేణువుల మీద నుంచి దింపుతుంది, అంతవరకే దాని పని. దిగిన సోడియం సల్ఫేటుగా నీటిలోనే ఉంటుంది. ఆ నీరు బయటకు పోకపోతే అది మళ్లీ ఎక్కి కూర్చుంటుంది. రెండో ఏడాది పక్కాయనతో కూర్చుని మాట్లాడి, ఆయన ఒడ్డు వెంబడి రెండున్నర అడుగుల లోతు కాలువ వాగు దాకా తీశాం. మెరక అంచున ఇంకో అడ్డ కాలువ తీసి పైనుంచి వచ్చే ఊటను అక్కడే పట్టేశాం. జిప్సం కంటే ఈ రెండో కాలువ చేసిన మేలే ఎక్కువని నా గట్టి అభిప్రాయం.

దారి ఉంటే: జిప్సం, జీలుగ, వరి

నీరు పోయే దారి ఉండి, బోరు నీరు మంచిదై, మూడు నాలుగేళ్లు ఓపిక పట్టగలిగితే ఇదే సరైన దారి. పొలాన్ని చిన్న మడులుగా చేసి చదును చేయాలి. ఎత్తుపల్లాలుంటే ఎత్తు మీద ఉప్పు తేలుతుంది. జిప్సంను పైన నాలుగంగుళాల మట్టిలోనే కలపాలి, లోతు దుక్కిలో పూడ్చేస్తే కింది పొరల్లోకి పోయి వృథా. తర్వాత నీరు నిలగట్టాలి. ఇక్కడ ఒక లెక్క చూడండి. జిప్సం లీటరు నీటిలో సుమారు రెండున్నర గ్రాములే కరుగుతుంది. అంటే టన్ను కరగడానికి 4 లక్షల లీటర్లు కావాలి, ఎకరం మీద నాలుగంగుళాల నీరన్నమాట. ఎకరాకు రెండు మూడు టన్నులు వేయమని రిపోర్టు వస్తే ఎంత నీరు పెట్టి తీయాలో మీరే అంచనా వేసుకోండి. ఆ పనికి వానాకాలమే తగిన సమయం.

మీ మట్టిలో సున్నపు గులకలు ఉంటే, అంటే కొంచెం పలచటి యాసిడ్ చుక్క వేస్తే బుసబుస పొంగితే, కాల్షియం నేలలోనే ఉంది, కరగక ఉందంతే. అలాంటిచోట గంధకం కూడా పనికొస్తుంది. అది మట్టిలో ఆమ్లంగా మారి సున్నాన్ని కరిగిస్తుంది. కాకపోతే ఆ మార్పుకు సూక్ష్మజీవులు కావాలి, సమయం పడుతుంది.

తొలకరికి పచ్చిరొట్ట పైరు జీలుగ చల్లండి. జనుము కంటే జీలుగే సౌడుకూ నిలవ నీటికీ తట్టుకుంటుంది. పూతకొచ్చే సమయానికి, సుమారు 45 రోజులకు, సూపర్ ఫాస్ఫేట్ చల్లి కలియదున్నండి. తర్వాత వరి. సౌడులో మొదటి పంటగా వరే ఎందుకంటే, నీరు నిలిచిన మడిలో వేర్లు, కుళ్లే రొట్ట వదిలే బొగ్గుపులుసు వాయువు నేలలోని సున్నాన్ని కరిగిస్తుంది, ఉదజని సూచిక దిగుతుంది. వరి తాను పండుతూనే నేలకు మందు వేస్తుంది. వికాస్ వంటి రకాలు, హర్యానాలోని కర్నాల్‌లో 1969లో పెట్టిన కేంద్ర చౌడు నేలల పరిశోధన సంస్థ ఇచ్చిన సి.ఎస్.ఆర్. 36 వంటివి ఇలాంటి నేలకు ఉద్దేశించినవే. విత్తనం సంగతి రాజేంద్రనగర్‌లో అడగండి. వరి పరిశోధన సంస్థ, జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం రెండూ అక్కడే ఉన్నాయి, నగరంలో ఉండేవాళ్లకు ఇంతకంటే సౌకర్యం లేదు. నారు కాస్త ముదిరినది, నెల దాటినది తీసుకుని కుదురుకు నాలుగైదు మొక్కలు దగ్గర దగ్గరగా నాటాలి. మామూలుగా ఎకరాకు 20 కిలోలు వేసే జింకు సల్ఫేటు సౌడులో ఎక్కువే కావాలి. దాన్ని భాస్వరం ఎరువుతో కలపకండి. యూరియా ఒకేసారి వేస్తే క్షారానికి అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది, మూడు నాలుగు దఫాలుగా వేయండి.

కోత అయ్యాక యాసంగిలో పొలం ఖాళీగా వదలొద్దు. నగ్నంగా ఉన్న నేల మీదికి ఎండ ఉప్పును లాగుతుంది, వానాకాలంలో కడిగిందంతా వేసవిలో తిరిగొస్తుంది. కనీసం గడ్డి పరిచి ఉంచండి. పెసర, మినుము, శనగ, కంది మాత్రం మొదటి రెండు మూడేళ్లు తలపెట్టకండి.

దారి లేకపోతే: గడ్డి

నీరు బయటకు పోయే మార్గమే లేని చోట జిప్సం మీద పెట్టే ఖర్చుకు నేను ఒప్పుకోను. అక్కడ పశుగ్రాసం మేలు. ఉప్పల్, పీర్జాదిగూడ దిగువన మూసీ వెంట బర్రెల కోసం పెంచే పారా గడ్డిని మీరు చూసే ఉంటారు. నిలవ నీరు దానికి ఇష్టం, సౌడును తట్టుకుంటుంది. కణుపు ముక్కలు నాటితే చాలు. మొదటి కోత రెండున్నర నెలలకు, తర్వాత నెల నెలన్నరకు ఒకటి. నగరంలో డైరీలు ఉన్నంతకాలం పచ్చి గడ్డికి గిరాకీ తగ్గదు. దాని వేర్లు కూడా వరిలాగే నెమ్మదిగా నేలను బాగు చేస్తాయి. సూపర్ నేపియర్ గురించి చాలామంది అడుగుతారు. అది నిలవ నీటిలో బతకదు, మెరక మీద వేసుకోవాల్సిన గడ్డి. నీరు తక్కువ నిలిచే చోట రోడ్స్ గడ్డి, మరీ గట్టి సౌడుకు కర్నాల్ గడ్డి ఉన్నాయి.

పారా గడ్డితో రెండు ఇబ్బందులు. ఒకసారి పాకితే వదిలించుకోవడం కష్టం, వాగులోకీ పోతుంది. ఇక నగర మురుగు నీటితో పెంచితే భారలోహాలు గడ్డిలోంచి పాలలోకి చేరే ప్రమాదం ఉంది. ఇంట్లో పిల్లలు తాగే పాల కోసమైతే ఆ నీటిని వాడకండి.

ఓపికుంటే చెట్లు, తొందరుంటే మట్టి

వారానికోసారి మాత్రమే వెళ్లగలిగేవాళ్లకు చెట్లే నయం. నల్ల తుమ్మ, కానుగ, తెల్లమద్ది సౌడును, అప్పుడప్పుడు నిలిచే నీటిని తట్టుకుంటాయి. మన వాగుల వెంట ఎవరూ నాటకుండానే ఈత చెట్లు వరసగా ఉండటం చూస్తే ఇంకో జవాబు దొరుకుతుంది. పండ్లలో ఉసిరి, రేగు, జామ కొంత ఓర్చుకుంటాయి. మామిడి, బత్తాయి, నిమ్మ వద్దు. మామూలు గుంత కాకుండా, జానెడు వెడల్పుతో నాలుగడుగులు దాటే బొరియ వేసి కింది సున్నపు గట్టి పొరను చీల్చాలి. తవ్విన మట్టిలో మూడు కిలోల జిప్సం, ఎనిమిది కిలోల పశువుల ఎరువు కలిపి నింపాలి. నీరు నిలిచే చోట ఒడ్డు ఎత్తు చేసి దాని మీదే నాటండి.

మట్టి తోలించడం నాకు నచ్చని దారి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ రోజుల నుంచి చెరువు పూడిక అంటే అందరికీ గురి. చెల్కకు, ఇసుక నేలకు అది బంగారమే. నీరు దిగని బంకసౌడు మీద ఇంకో సన్న బంకమట్టి పొర వేస్తే దిగేది ఏముంటుంది? ఎర్రమట్టి అడుగు మందాన పోయించినా, కింద ఊట అలాగే ఉంటే నాలుగైదు వేసవుల్లో ఉప్పు పైకి పాకుతుంది. ఇంటి ముందు కూరగాయల మడి లాంటి చిన్న జాగాకైతే సరే. పొలంలో నీటికుంట తవ్వేవాళ్లు కూడా అడుగు నుంచి వచ్చిన మట్టిని పొలం మీద పరచొద్దు.

ఇంకా కొనని వాళ్లయితే, భూమిని ఏప్రిల్‌లో ఒకసారి, మంచి వాన పడిన మూడో రోజు ఇంకోసారి చూడండి. దీపావళి తర్వాత చూపిస్తే ప్రతి భూమీ పచ్చగానే ఉంటుంది. వాగు, చెరువు హద్దుల విషయం నీటిపారుదల శాఖ దగ్గర రాతపూర్వకంగా తేల్చుకోండి. సౌడు మీద ఫామ్‌హౌస్ కట్టాలనుకుంటే పునాది, గోడల కింది భాగం ఉప్పుకు పొడిపొడిగా రాలతాయి, మెరక ముక్క లేకపోతే ఆ ఆలోచన మానుకోండి.

మా రెండెకరాలను మేం మూడు ముక్కలుగా చూడటం మొదలుపెట్టాం. వాగు గట్టు వైపు 15 గుంటల్లో (ఎకరానికి 40 గుంటలు) కూరగాయలు, నాలుగు జామ చెట్లు. మధ్యలో 35 గుంటల్లో జీలుగ తర్వాత వరి, దానికి మాత్రమే జిప్సం. మెరక అంచున 30 గుంటల్లో అడ్డ కాలువకు ఇవతల పారా గడ్డి, ఒడ్డు మీద నల్ల తుమ్మలు, ముందు నుంచీ ఉన్న ఆరు ఈత చెట్లు. పక్క పొలం ఆయన తన బర్రెలకు గడ్డి కోసుకుంటాడు, కాలువ పూడిక మేమిద్దరం కలిసి ఏటా మృగశిర కార్తెకు ముందే తీస్తాం.